చదునైన శిఖరం, గుండ్రటి గులకరాయి: ఒక సముద్రగర్భ పర్వతాన్ని అధ్యయనం చేసిన నా అనుభవం

సముద్రపు అడుగున ఉన్న ఒక పర్వతం ఒకప్పుడు ద్వీపంగా నీటిపైన ఉండేదా, లేక పుట్టిన నాటి నుంచీ నీటిలోనే ఉండిపోయిందా అన్న ప్రశ్న నా పరిశోధనకు కేంద్రం. నేను నేల మీద భూగర్భశాస్త్రం నేర్చుకున్నాను. కొండ ఎక్కి, సుత్తితో రాయి పగలగొట్టి, పొరల వాలు కొలిచి, సాయంత్రానికి ఒక అభిప్రాయానికి రావడం నాకు అలవాటైన పద్ధతి. సముద్రగర్భ పర్వతం విషయంలో ఇవేవీ కుదరవు. అక్కడ మొదట దొరికేది ఆకారం, అదీ ధ్వని ద్వారా. రాయి చేతికి రావడానికి చాలా కాలం పడుతుంది. ఈ రెంటి నడుమ ఆకారాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడమే నేను ఈ పనిలో ముఖ్యంగా నేర్చుకున్న విషయం కాబట్టి ఈ వ్యాసంలో దాని మీదే ఎక్కువగా నిలుస్తాను.

మేము ఎంచుకున్న పర్వతం హిందూ మహాసముద్రంలో, తీరాలకూ, కొత్త సముద్రపు అడుగు పుట్టే మధ్యసముద్ర రిడ్జ్‌లనే పర్వత శ్రేణులకూ దూరంగా, లోతైన మైదానం మధ్య ఉంది. దానికి పేరు లేదు, అందులో వింత కూడా లేదు. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ఉపగ్రహ సమాచారం ఆధారంగా దాదాపు 19,000 సముద్రగర్భ పర్వతాలను కొత్తగా గుర్తించడంతో జాబితాలో ఉన్న మొత్తం సంఖ్య 43,000 దాటింది. వీటిలో ఓడ వెళ్లి కొలిచినవి కొద్ది భాగమే, రాళ్లు తీసినవి అంతకంటే తక్కువ. మన పరిశోధన నౌక సాగర్ కన్య పేరుతో ఒక పర్వతం, భూగర్భశాస్త్రవేత్త వాడియా పేరుతో ఒక గయాట్ (చదునైన తల ఉన్న సముద్రగర్భ పర్వతం), సముద్రశాస్త్రవేత్త పణిక్కర్ పేరుతో మరొక పర్వతం అంతర్జాతీయ పట్టికలో ఉన్నాయి. అలా పేరు పెట్టించుకునే యోగం పట్టినవి మొత్తం మీద కొన్నే.

ఓడ ఎక్కడానికి ముందు మా దగ్గర ఉన్నది ఉపగ్రహం ఇచ్చిన పటం మాత్రమే. ఉపగ్రహానికి సముద్రపు అడుగు కనిపించదు, అది కొలిచేది నీటి ఉపరితలపు ఎత్తును. పర్వతంలోని శిల నీటికంటే బరువైనది కనుక తన గురుత్వాకర్షణతో చుట్టూ ఉన్న నీటిని తనవైపు లాక్కుంటుంది. అందువల్ల 2,000 మీటర్ల ఎత్తున్న పర్వతం పైన సముద్ర ఉపరితలం కొన్ని పదుల కిలోమీటర్ల మేర సుమారు 2 మీటర్లు ఉబ్బి ఉంటుంది. ఓడలో వెళ్లేవారికి ఆ ఉబ్బు తెలియదు, ఉపగ్రహంలోని ఎత్తు కొలిచే రాడార్ ఆల్టీమీటరు దాన్ని పట్టుకుంటుంది. 1978లో ప్రయోగించిన సీసాట్ ఉపగ్రహంతో మొదలైన ఈ కొలతలను ఓడల పాత లోతు కొలతలతో కలిపి 1997లో శాస్త్రవేత్తలు స్మిత్, శాండ్‌వెల్ ప్రపంచ సముద్రగర్భ పటాన్ని ప్రచురించారు. నేటికీ ఓడలు కొలవని చోట్ల మనం పటాల్లో చూసేది ఆ పద్ధతిలో ఊహించిన లోతులనే. మా పర్వతం అందులో అంచులు అలుక్కుపోయిన ఒక ఉబ్బుగా కనిపించింది. ఇలాంటి పటాలు చోటును సరిగ్గానే చెబుతాయి కాని శిఖరం లోతులో వందల మీటర్ల తేడా రావచ్చు. 2005 జనవరిలో గువామ్‌కు ఆగ్నేయంగా అమెరికా జలాంతర్గామి శాన్‌ఫ్రాన్సిస్కో పూర్తి వేగంతో వెళ్లి ఒక సముద్రగర్భ పర్వతాన్ని ఢీకొట్టినప్పుడు, అది వాడుతున్న చార్టులో ఆ పర్వతం లేదు.

ఓడ నడవవలసిన గీతలను ఈ అస్పష్టమైన పటం మీదనే వేసుకోవాలి. మల్టీబీమ్ ఎకో సౌండర్ ఓడకు అడ్డంగా విసనకర్ర ఆకారంలో ధ్వనిని పంపుతుంది కనుక నీరు ఎంత లోతుంటే ఒక్కో గీత వెంట అంత వెడల్పైన అడుగు కొలతకు వస్తుంది. పర్వత పాదం వద్ద దూరదూరంగా వేసిన గీతలు సరిపోతాయి, శిఖరం పైన దగ్గరదగ్గరగా వేయకపోతే మధ్యలో ఖాళీలు మిగులుతాయి. శిఖరం లోతు తెలియకుండా గీతల ఎడం నిర్ణయించలేము, గీతలు నడవకుండా శిఖరం లోతు తెలియదు. అందుకే ముందు పర్వతం మీదుగా ఒక్క గీత అడ్డంగా నడిచి, తక్కిన పథకాన్ని ఆ తరువాత సరిదిద్దుకున్నాము.

ధ్వని గురించి పుస్తకాల్లో చదివినది వేరు, తెర ముందు కూర్చుని నేర్చుకున్నది వేరు. నీటిలో ధ్వని సెకనుకు దాదాపు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది. 4,000 మీటర్ల లోతుకు వెళ్లి తిరిగి రావడానికి దానికి అయిదు సెకన్లకు పైగా పడుతుంది కాబట్టి ఓడ నెమ్మదిగా నడవక తప్పదు. ఒక డిగ్రీ వెడల్పున్న కిరణం ఆ లోతులో దాదాపు 70 మీటర్ల అడుగును ఒక్కటిగా కొలుస్తుంది. అంటే అంతకంటే చిన్నదైన బండ గాని, పగులు గాని అక్కడ ఉన్నా మనకు కనిపించదు. అదే పరికరం 1,400 మీటర్ల లోతున ఉన్న శిఖరం పైన 25 మీటర్ల వివరాన్ని చూపగలదు. పర్వతం పైభాగం నునుపు తేలి పాదం మొరటుగా కనిపించినా, పాదం నునుపుగా ఉండి పైభాగం గరుకుగా కనిపించినా, అందులో పర్వతం పాలు ఎంత, పరికరం పాలు ఎంత అని ప్రతిసారీ వేరుచేసి చూసుకోవాలి.

అంతకంటే పెద్ద చిక్కు ధ్వని వేగం స్థిరంగా ఉండకపోవడం. ఉష్ణోగ్రత, లవణీయత, పీడనం మారినకొద్దీ అదీ మారుతుంది, ధ్వని మార్గం కూడా వంగుతుంది. ఏటవాలుగా వెళ్లే కిరణాలు ఎక్కువ దూరం నీటిలో ప్రయాణిస్తాయి కాబట్టి వేగంలోని పొరపాటు వాటిలోనే ఎక్కువగా బయటపడుతుంది. అప్పుడు చదునైన అడుగు కూడా ఎండిన తాటాకులా రెండు అంచులూ పైకి లేచినట్లు తెర మీద కనిపిస్తుంది. ఆ వంపు కనబడగానే ఓడను ఆపి, లోతును బట్టి ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచే సీటీడీ పరికరాన్ని తాడుతో దించి, కొత్త వేగాల పట్టికను ఎకో సౌండర్‌కు ఇవ్వాలి. నాకు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగు గంటల వరకు కాపలా పడింది. ఆ వేళల్లో నా పని ఈ వంపులను కనిపెట్టడం, చేపల గుంపుల వల్లనో ఓడ కుదుపుల వల్లనో వచ్చిన తప్పుడు ప్రతిధ్వనులను ఒక్కొక్కటిగా తీసివేయడం. విసుగు పుట్టించే పనే. కాని తీసివేయవలసిన బిందువు ఏది, నిజంగా అడుగున ఉన్న చిన్న లావా శంకువు ఏది అని నిర్ణయించేది ఆ సమయంలోనే కాబట్టి పర్వతంతో నాకు అసలైన పరిచయం అక్కడే కలిగిందని చెప్పగలను.

గీతలన్నీ పూర్తయి పటం ఒకచోటికి చేరినప్పుడు, ఉపగ్రహం చూపిన ఉబ్బు స్థానంలో స్పష్టమైన నిర్మాణం కనిపించింది. పాదం 4,000 మీటర్లకు పైగా లోతున ఉంది. అక్కడి నుంచి వాలు క్రమంగా నిటారై, 1,400 మీటర్ల వద్ద ఒక్కసారిగా విరిగి, దాదాపు చదునైన విశాలమైన పైభాగంగా మారింది. ప్రధాన దేహం నుంచి రెండు పొడవైన వెన్నులు ఎదురెదురు దిక్కులకు సాగాయి. శిలాద్రవం ఎప్పుడూ ఒకే ద్వారం నుంచి రాదు. పర్వతం పెరిగేకొద్దీ దాని దేహంలో ఏర్పడే చీలికల వెంట పక్కలకు పారి బయటపడుతుంది, ఆ చీలిక మండలాలే వెన్నులుగా మిగులుతాయి. ఒక పక్కన గిన్నె అంచు విరిగినట్లు లోపలికి తెగిన భాగం, దాని దిగువన మైదానంలో చెల్లాచెదురుగా దిబ్బలు కనిపించాయి. అది పర్వతపు పార్శ్వం కూలి జారిన గుర్తు. లావా ఏటవాలుగా పేర్చుకుంటూ పోయిన అగ్నిపర్వతాలకు ఇది తరచుగా పట్టే గతి, హవాయి దీవుల చుట్టూ ఇలాంటివి ఎంతో పెద్దవి ఉన్నాయి.

చదునైన పైభాగాన్ని చూసిన వెంటనే నా మనసులో నిర్ణయం జరిగిపోయింది. ఇది గయాట్, అంటే ద్వీపంగా ఉండి, అలల కోతకు తల అరిగిపోయి, తరువాత మునిగిన అగ్నిపర్వతం. మా ముఖ్య శాస్త్రవేత్త అయిన మేడమ్ మాత్రం ఆ పేరును పటం మీద రాయనివ్వలేదు. “చదును ఉందని మాత్రమే రాయండి, ఎందుకు చదునైందో రాళ్లు వచ్చాక రాద్దాం” అన్నారు. ఆ జాగ్రత్తకు కారణం ఉంది. నీటి అడుగునే పుట్టిన అగ్నిపర్వతాలకు కూడా చదునైన తలలు ఉండవచ్చు. బిలం లావాతో నిండి గట్టిపడినా, నెమ్మదిగా వెలువడిన లావా చెరువులా నిలిచి అంచులు దాటి పొర్లినా, గుంటలన్నీ సూక్ష్మజీవుల పెంకుల ఒండ్రుతో పూడిపోయినా పైభాగం చదునుగానే తేలుతుంది. ప్రతిధ్వని ఎంత బలంగా తిరిగివచ్చిందో చూపే బాక్‌స్కాటర్ పటంలో మా పర్వతం పైభాగపు నడిమి ప్రాంతం మసకగా, అంచు చుట్టూ ప్రకాశంగా కనిపించింది. నడుమ మెత్తని అవక్షేపం, అంచున గట్టి శిల ఉన్నాయని దాని అర్థం. అంటే మేము చూస్తున్న చదునులో కొంత భాగం పైన పరచుకున్న ఒండ్రుదే, దాని కింద శిల చదునుగా ఉందో లేదో ఆ పటం చెప్పదు.

ఈ విషయంలో శాస్త్ర చరిత్రే మంచి హెచ్చరిక. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌక కేప్ జాన్సన్‌కు అధిపతిగా ఉన్న భూగర్భశాస్త్రవేత్త హ్యారీ హెస్, పసిఫిక్‌లో ప్రయాణించినంత మేరా ఎకో సౌండర్‌ను నడుపుతూ చదునైన శిఖరాలున్న పర్వతాలను గమనించి, వాటికి 19వ శతాబ్దపు భూగోళశాస్త్రవేత్త ఆర్నాల్డ్ గయాట్ పేరు పెట్టి 1946లో ప్రకటించాడు. అవి మునిగిన ద్వీపాలన్న ఆయన ఊహ సరైనదే. కాని వాటి మీద పగడపు దిబ్బలు లేవనుకున్నాడు కాబట్టి, పగడాలు పుట్టకముందటి అతి ప్రాచీన కాలానికి చెందినవై ఉంటాయని భావించాడు. 1950లో మిడ్-పసిఫిక్ పర్వతాల మీదికి వెళ్లిన యాత్రలో డ్రెడ్జ్ (అడుగును గీరి రాళ్లు తెచ్చే సాధనం) తెచ్చిన రాళ్లలో గుండ్రటి బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) గులకరాళ్లు, వాటితోపాటు డైనోసార్ల యుగపు చివరి భాగమైన క్రెటేషియస్ కాలపు దిబ్బ జీవుల శిలాజాలు బయటపడ్డాయి. ఎకో సౌండర్ నుంచి చేసిన ఊహలో సగం నిలిచింది, మిగతా సగాన్ని రాళ్లు కొట్టివేశాయి.

ఇక డ్రెడ్జ్ సంగతి. చూడటానికి ఇది పంటి అంచున్న ఇనుప చట్రం, దాని వెనుక గొలుసులతో అల్లిన సంచి, అంతే. ఇంత మొరటు సాధనం ఇప్పటికీ వాడుకలో ఉండటం నాకు మొదట ఆశ్చర్యం కలిగించింది. ఎక్కడ దించాలో నిర్ణయించడంలో మాత్రం మొరటుదనం లేదు. ఒండ్రు నిలవని నిటారు వాలు కావాలి, బాక్‌స్కాటర్ ప్రకాశంగా ఉండాలి, గాలి, ప్రవాహం ఓడను వాలుకు ఎదురుగా నడవనివ్వాలి. డ్రెడ్జ్‌ను ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకు లాగుతారు. పై నుంచి కిందికి లాగితే అది శిలను పట్టకుండా జారిపోతుంది, పట్టినా తాడు మెలికపడుతుంది.

తాడును వదిలి చుట్టే యంత్రమైన విన్చ్ నిమిషానికి 60 మీటర్ల చొప్పున తాడు వదులుతుంటే 2,500 మీటర్ల లోతుకు చేరడానికే ముప్పావు గంట గడుస్తుంది. అడుగు తగిలిన తరువాత ఇంకొంత తాడు అదనంగా వదిలి, ఓడను నడక వేగం కంటే తక్కువ వేగంతో కదిలిస్తారు. ఆ క్షణం నుంచి అందరి చూపూ తాడు బిగువును చూపే మీటరు మీదే ఉంటుంది. బిగువు నెమ్మదిగా పెరిగి హఠాత్తుగా పడిపోతే ఒక ముక్క విరిగిందని అర్థం. పెరుగుతూనే పోతే డ్రెడ్జ్ ఏదో బండకు చిక్కుకుందని అర్థం, అప్పుడు ఓడను వెనక్కి నడిపి తాడును సడలించాలి. అప్పటికీ రాకపోతే తెగడానికే అమర్చిన బలహీనమైన లంకె తెగి, సంచి వేరొక గొలుసు మీద పక్కకు తిరిగి బయటపడుతుంది. తాడు తెగకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు ఇది. మాకు ఒకసారి లంకె తెగి సంచి దాదాపు ఖాళీగా వచ్చింది, మరొకసారి బురద తప్ప ఏమీ రాలేదు. మంచి విరుపులు చూపిన లాగుడు తరువాత కూడా పైకి వచ్చేదాకా ఏమీ చెప్పలేము.

సంచి డెక్ మీద గుమ్మరించినప్పుడు మొదట చూడవలసింది విరిగిన ముఖం. తాజాగా విరిగిన ముఖం ఉన్న రాయి పర్వత దేహం నుంచి ఊడివచ్చినది. అన్ని వైపులా నల్లని పొర కప్పుకొని ఉన్నది ఎప్పుడో విడిపోయి వాలు మీద పడి ఉన్నది, ఎక్కడి నుంచి దొర్లివచ్చిందో ఎవరికీ తెలియదు. మాకు వచ్చిన వాటిలో దిండు ఆకారపు లావా ముక్కలు ఎక్కువ. వేడి లావా చల్లని నీటిలోకి రాగానే పైపొర గాజులా గడ్డకట్టి, లోపలి ద్రవం దాన్ని చీల్చుకొని మరో దిండుగా పొంగడం వల్ల ఈ రూపం వస్తుంది. ఆ గాజు పొర చాలావరకు నీటితో చర్య జరిపి పసుపుపచ్చని పాలగొనైట్‌గా మారిపోయింది.

అన్నింటి మీదా ఉన్న నల్లపొర ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లది. సముద్రపు నీటి నుంచి నేరుగా శిల మీద పేరుకునే ఈ పొర పది లక్షల సంవత్సరాలకు 1 నుంచి 5 మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే పెరుగుతుంది. కొన్ని సెంటీమీటర్ల మందం ఉన్న పొర కింద ఉన్న శిల కోట్ల సంవత్సరాలుగా ఒండ్రు కప్పకుండా తెరిచి ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇందులో ఉండే కోబాల్ట్ వల్లనే ఈ పర్వతాల మీద ఈమధ్య ఆసక్తి పెరిగింది. శ్రీలంకకు దక్షిణాన ఉన్న అఫనాసీ నికితిన్ పర్వతం మీద అన్వేషణకు అనుమతి కోరుతూ భారతదేశం 2024లో అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థకు దరఖాస్తు చేసింది. ఆ చర్చల్లోకి ఇక్కడ వెళ్లను. కాని ఉలితో ఆ పొరను శిల నుంచి విడదీయడానికి ప్రయత్నించినవాడిగా ఒక మాట చెప్పగలను. అది శిలకు పెచ్చులా అంటుకుని ఉండదు, శిల పగుళ్లలోకి దిగి పట్టుకుని ఉంటుంది. వేల మీటర్ల లోతున ఒక యంత్రం దాన్ని రాయి రాకుండా గీరి తీస్తుందని ఎవరైనా తేలికగా చెబితే నాకు నమ్మకం కుదరదు.

మా ప్రశ్నకు జవాబు పైభాగపు అంచుకు కొద్దిగా దిగువన చేసిన లాగుడులో వచ్చింది. ఒక పెద్ద ముక్కను రంపంతో కోసినప్పుడు, తెల్లని సున్నపు పదార్థంలో ఇమిడిపోయిన గుండ్రటి బసాల్ట్ గులకరాళ్లు కనిపించాయి. లోతైన నీటిలో ప్రవాహాలకు బసాల్ట్‌ను అంత గుండ్రంగా అరగదీసే బలం ఉండదు, తీరం మీద అలలకు ఉంటుంది. అయినా ఒక్క ఆధారంతో ఆగలేదు. ఆ రాళ్లలో బుడగల గుంతలు విస్తారంగా ఉన్నాయి. నీటి పీడనం తక్కువైన చోట శిలాద్రవంలోని వాయువు ఎక్కువగా ఉబ్బుతుంది కాబట్టి ఇది లోతులేని విస్ఫోటానికి సూచన. అయితే వాయువులు అధికంగా ఉన్న క్షార బసాల్ట్ చాలా లోతులో కూడా బుడగలు కట్టగలదు కనుక దీన్ని రెండో శ్రేణి సాక్ష్యంగానే లెక్కించాము. చివరకు సున్నపు భాగాన్ని పలుచని పొరగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు, అందులో సున్నపు ఆల్గేల కణజాలపు గళ్లు స్పష్టంగా కనిపించాయి. ఆల్గేలు వెలుతురు లేనిదే బతకవు. గులకరాళ్లు, ఆల్గేలు ఒకే ముక్కలో కలిసి ఉండటం వల్ల ఆ అంచు ఒకప్పుడు వెలుతురు చేరే తీరమని ఒప్పుకోక తప్పలేదు. మేడమ్ ఆ రోజున పటం మీద గయాట్ అని రాయనిచ్చారు.

తీరం 1,400 మీటర్ల లోతుకు ఎలా దిగింది? సముద్రం అడుగున ఉన్న భూఫలకం రిడ్జ్ వద్ద వేడిగా, ఎత్తుగా పుట్టి, దూరం జరిగేకొద్దీ చల్లబడి, సాంద్రత పెరిగి కుంగుతుంది. దాని లోతు మీటర్లలో సుమారు 2,500కు, పది లక్షల సంవత్సరాల లెక్కన వయసు వర్గమూలాన్ని 350తో గుణించి కలిపినంత ఉంటుందని అనుభవసూత్రం. లెక్క కోసం గుండ్రటి అంకెలు తీసుకుంటే, ఫలకం వయసు 1.6 కోట్ల సంవత్సరాలప్పుడు దాని మీద ద్వీపం లేచిందనుకుందాం, అప్పటి లోతు 3,900 మీటర్లు. అదే ఫలకానికి 6.4 కోట్ల సంవత్సరాలు వచ్చేసరికి లోతు 5,300 మీటర్లవుతుంది. తేడా 1,400 మీటర్లు, ద్వీపం తీరం కూడా అంతే దిగుతుంది. దీనికి పర్వతం బరువు వల్ల ఫలకం స్థానికంగా వంగడం, సముద్ర మట్టంలో మార్పులు తోడవుతాయి. మా పర్వతం చుట్టూ ఒండ్రుతో నిండిన పల్లం ఆ వంపు ఫలితమే. కాబట్టి ఈ లెక్క సుమారుగా సాధ్యాసాధ్యాలు చెబుతుందే కాని వయసు చెప్పదు.

వయసు కోసం ఆర్గాన్ పద్ధతిని ఆశ్రయించాము. పొటాషియం-40లో కొంత భాగం నెమ్మదిగా ఆర్గాన్-40గా మారుతుంది, పొటాషియం-40 అర్ధాయువు 125 కోట్ల సంవత్సరాలు. నమూనాను రియాక్టరులో న్యూట్రాన్లకు గురిచేస్తే పొటాషియంలో కొంత ఆర్గాన్-39గా మారుతుంది కాబట్టి, తరువాత దశలవారీగా వేడి చేసి రెండు ఆర్గాన్‌ల నిష్పత్తి కొలిస్తే చాలు. వరుస దశలన్నీ ఒకే వయసు చూపిస్తే దాన్ని నమ్మవచ్చు. కోట్ల ఏళ్లు సముద్రంలో నానిన బసాల్ట్‌కు ఇది అంత సులభంగా కుదరదు, ఎందుకంటే నీరు శిలలోకి పొటాషియాన్ని చేర్చుతుంది, ఆర్గాన్‌ను బయటికి పోనిస్తుంది. మేము ముక్కలను పొడిచేసి, పలుచని ఆమ్లంతో కడిగి, సూక్ష్మదర్శిని కింద మచ్చలేని రేణువులను పట్టకారుతో ఏరాము. నెలల నిరీక్షణ తరువాత, స్ఫటికాల మధ్య ఉన్న సన్నని రేణువుల భాగం నుంచి వచ్చిన ఫలితాలు దశ దశకూ మారిపోయి పనికిరాకుండా పోయాయి. బసాల్ట్‌లోని ప్లాజియోక్లేజ్ అనే ఖనిజపు స్ఫటికాలు మాత్రం నిలకడైన వయసునిచ్చాయి. అది ఫలకం వయసుకంటే తక్కువగానూ, నల్లపొర మందం చెప్పిన కనీస వయసుకంటే ఎక్కువగానూ రావడంతో మా ఆధారాలు ఒకదానితో ఒకటి పొసిగాయి.

అయితే ఆ వయసు అంచు దిగువన దొరికిన ఆ ఒక్క లావా ప్రవాహానిది, పర్వతానిది కాదు. హవాయిలో ప్రధాన నిర్మాణం ముగిసి లక్షల సంవత్సరాల విరామం గడిచాక మళ్లీ చిన్న విస్ఫోటాలు జరిగిన ద్వీపాలున్నాయి. మా పర్వతం పైభాగపు అంచున కనిపించిన చిన్న శంకువులు అలాంటి ఆలస్యపు లావావే కావచ్చు, మేము కొలిచిన స్ఫటికాలు వాటి నుంచి దొర్లివచ్చినవి కావని డ్రెడ్జ్ నమూనాతో నిరూపించలేము. లోతు కొలతల సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉండే ప్రపంచ సముద్రగర్భ పటమైన జెబ్కోకు పంపించాము. తదుపరి యాత్ర ప్రతిపాదనలో చీలిక మండలపు వెన్ను అడుగుభాగాన్ని మొదటి స్థలంగా అడిగాను. పర్వతం తొలి దశలో పుట్టిన లావా దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. ఆ పనికి డ్రెడ్జ్ బదులు కెమెరా, యాంత్రిక చేయి ఉండి, ఓడ నుంచే నడిపే మనుషులు లేని జలాంతర వాహనం (ఆర్‌ఓవీ) కావాలని రాశాను, ఎందుకంటే దానితో రాయిని అది అంటిపెట్టుకుని ఉన్న ప్రవాహం నుంచే, చూసి, విరిచి తీసుకోవచ్చు.